పక్క పొలంలో క్యారవాన్ సైటా? ఇంగ్లండ్ పల్లెల్లో ప్లానింగ్ గొడవల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంక్ హాలిడే దాటిన మంగళవారం పొద్దున నా ఫోన్‌కి ఒకటే రకం మెసేజ్‌లు వస్తాయి. "మా ఎస్టేటు వెనక పొలంలో క్యారవాన్లు దిగాయి, ఏం చెయ్యాలండీ?" అడిగేది ఎక్కువగా ఊరి చివర కొత్త ఇల్లు కొన్న మన తెలుగువాళ్ళు. నాలుగెకరాల ప్యాడక్ (గుర్రాలు మేపే చిన్న పచ్చిక) కొనుక్కున్నవాళ్ళు కూడా కొందరుంటారు. నేను లాయర్ని కాను. ఒక పల్లెటూరి పారిష్ కౌన్సిల్లో (మన పంచాయతీ లాంటిది) నాలుగేళ్ళు ప్లానింగ్ కాగితాలు, అంటే నేలని దేనికి వాడొచ్చో, ఏం కట్టొచ్చో తేల్చే అనుమతుల కాగితాలు చదివినవాణ్ణి, అంతే. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. అలా క్యారవాన్లలో దిగేది ఎక్కువగా జిప్సీ, ట్రావెలర్ కుటుంబాలు కాబట్టి వాళ్ళ గురించే ముందు చెబుతాను. ఇది ఇంగ్లండ్ వరకే. వేల్స్, స్కాట్లండ్ లెక్కలు వేరు.

## ముందుగా తెలియాల్సినవి

జిప్సీలు, ట్రావెలర్లు అంటే ఒకళ్ళేనా?

కాదు. రోమానీ జిప్సీలు వేరు, ఐరిష్ ట్రావెలర్లు వేరు. సర్కస్, జాతరలు నడిపే షోమెన్ కుటుంబాలు ఇంకో తరహా. మొదటి రెండు వర్గాలనూ చట్టం జాతులుగానే గుర్తిస్తుంది, కాబట్టి 2010 ఈక్వాలిటీ చట్టం వాళ్ళకి రక్షణ. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి 71,440 మంది తమని జిప్సీ లేదా ఐరిష్ ట్రావెలర్‌గా రాసుకున్నారు. వాళ్ళలో క్యారవాన్లలో ఉండేది ఐదింట ఒక వంతు మందే. మిగతావాళ్ళు మనలాగే ఇళ్ళలో, ఫ్లాట్లలో ఉంటున్నారు. మీ ఆఫీసులో పక్క సీటతను కూడా కావచ్చు, చెప్పడు అంతే.

వీళ్ళు మన దేశం నుంచే వచ్చారంటారు, నిజమేనా?

రోమానీల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కిందట ఉత్తర భారతం వైపు నుంచి బయలుదేరారు. భాషే సాక్ష్యం. నీళ్ళని పానీ అంటారు, ఒకటి రెండు మూడు లెక్కపెట్టమంటే యెక్, దుయ్, త్రిన్ అంటారు. ఇంగ్లండుకి 16వ శతాబ్దం మొదట్లో చేరారు. ఈజిప్టు నుంచి వచ్చారనుకుని ఈజిప్షియన్లన్నారు, అదే నలిగి జిప్సీ అయింది. 1530లోనే వాళ్ళని దేశం నుంచి వెళ్ళగొట్టే చట్టం చేశారు. ఐరిష్ ట్రావెలర్లకి ఈ కథతో సంబంధం లేదు, వాళ్ళు ఐర్లండు నేలవాళ్ళే.

ఇంకో మాట. సంచార జాతుల మీద ఇదే అనుమానాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టంగా మన దేశంలో పెట్టింది. యెరుకలవాళ్ళని స్టువర్టుపురంలో కట్టడి చేసి కూర్చోబెట్టింది 1911లో ఆ చట్టానికి వచ్చిన కొత్త రూపం కిందే. "అలాంటివాళ్ళు" అని గ్రూపులో టైప్ చేసే ముందు నాకు ఆ ఊరు గుర్తొస్తుంది.

అసలు వీళ్ళు పొలాలు కొనడం ఎందుకు మొదలైంది?

గొడవకి మూలం ఇక్కడుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఒకప్పుడు కెంట్‌లో హాప్ కాయ కోతకి, ఈవ్‌షామ్ వైపు పళ్ళ కోతకి రైతులే వీళ్ళని పిలిచేవాళ్ళు. కోతలయ్యేదాకా పొలం మూలన బళ్ళు ఆగేవి, అయ్యాక కదిలేవి. యంత్రాలొచ్చి కూలి పని తగ్గింది. 1960లో వచ్చిన క్యారవాన్ సైట్ల చట్టంతో, పొలంలో క్యారవాన్లు నిలపాలంటే రైతుకి సైట్ లైసెన్సు కావాల్సి వచ్చింది. లైసెన్సు కావాలంటే ముందు ప్లానింగ్ అనుమతి ఉండాలి. ఎందుకొచ్చిన తంటా అని రైతులు చాలామంది గేట్లు మూసేశారు. అదే చట్టం కింద కౌన్సిళ్ళు ఊరుమ్మడి బీళ్ళలో కూడా బళ్ళు ఆగకుండా కట్టడి చేశాయి. వందల ఏళ్ళుగా ఆగిన చోట్లు ఒక తరంలో పోయాయి.

1968 చట్టం కౌన్సిళ్ళే సైట్లు కట్టాలంది. కొన్ని కట్టాయి, చాలా కౌన్సిళ్ళు కాలం గడిపాయి. 1994లో ప్రభుత్వం ఆ బాధ్యతే తీసేసి, మీరే భూమి కొనుక్కుని అనుమతి తెచ్చుకోండని వాళ్ళకి చెప్పింది. కొనుక్కున్నారు. చేతిలో ఉన్న డబ్బుకి దొరికింది రోడ్డు పక్క ప్యాడక్, మూతబడిన స్క్రాప్ యార్డ్, రైలు పట్టాల వెనక ముక్క. అక్కడ అనుమతి రాదు. ప్రభుత్వమే చూపిన దారిన వచ్చి వాళ్ళు మీ ఊరి గేటు దగ్గర ఆగారు.

పిచ్ అంటే ఎంత? ఒక పిచ్ అని అప్లికేషన్‌లో రాసి పది బళ్ళు పెడతారట!

పిచ్ అంటే ఒక కుటుంబానికి సరిపడే చోటు. మామూలుగా ఒక స్టాటిక్ (ఒకే చోట ఉంచే పెద్ద క్యారవాన్), ఒక టూరర్ (బండికి కట్టి లాక్కెళ్ళేది), స్నానానికీ వంటకీ చిన్న డే రూమ్, రెండు బళ్ళు ఆపుకునే జాగా ఉంటాయి. స్టాటిక్ చిన్నదనుకోకండి. చట్టం ప్రకారం 20 మీటర్ల పొడవు, 6.8 మీటర్ల వెడల్పు దాకా ఉన్నా అది క్యారవానే. ఎన్ని ఉండొచ్చో అనుమతిలోనే షరతుగా రాస్తారు. దాటితే అది ఉల్లంఘన.

## అప్లికేషన్ పడినప్పుడు

గేటుకి ప్లానింగ్ నోటీసు కాగితం కట్టి ఉంది. నాకెన్ని రోజుల టైముంది?

అభిప్రాయం పంపడానికి మామూలుగా 21 రోజులు. కాగితం మీది అప్లికేషన్ నంబరు కౌన్సిల్ వెబ్‌సైట్లో కొడితే ప్లాన్లన్నీ కనబడతాయి. చిన్న అప్లికేషన్ తేలడానికి గడువు 8 వారాలు, పెద్దదైతే 13, కానీ ఇవి తరచూ దాటుతాయి. 21 రోజులు దాటాక పంపినా, నిర్ణయం రాలేదంటే సాధారణంగా చదువుతారు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మీరు రాసింది మీ పేరు, అడ్రసుతో సహా అందరికీ కనబడుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఆబ్జెక్షన్లో ఏం రాస్తే పనికొస్తుంది?

నేల గురించి రాయండి, మనుషుల గురించి కాదు. నా మొదటి ఆబ్జెక్షన్ ఆరు పేజీలు. అందులో సగం ఇంటి ధర, పావు వంతు "ఊరి వాతావరణం". ఆఫీసరు రిపోర్టులో నా ఆరు పేజీల నుంచి తీసుకున్నది ఒకే ఒక్క వాక్యం, మలుపు దగ్గర హెడ్జ్ (మొక్కల కంచె) అడ్డమని నేను చివర్లో ఏదో ఒకటిలే అనుకుని రాసినది.

ఆ హెడ్జ్ సంగతే దగ్గరగా చూడండి. గేటులోంచి బయటికొచ్చే డ్రైవరుకి రోడ్డు ఎంత దూరం కనబడాలన్నదానికి లెక్కుంది. రోడ్డు అంచు నుంచి 2.4 మీటర్లు లోపల, నేల నుంచి 1.05 మీటర్ల ఎత్తున కన్ను పెట్టి చూడాలి. 30 మైళ్ళ వేగం ఉన్న చోట రెండు వైపులా 43 మీటర్లు కనబడాలి. బళ్ళు నిజంగా 60 మైళ్ళతో పోయే రోడ్డయితే 215 మీటర్ల దాకా అడుగుతారు. హెడ్జ్ పక్కవాడి భూమిలో ఉంటే దరఖాస్తుదారు దాన్ని కొట్టలేడు. టేపు పట్టుకెళ్ళి కొలిచి, ఫోటో తీసి పంపినవాడి ఉత్తరానికి వంద ఉత్తరాల బరువుంటుంది.

వరద కూడా అంతే. శాశ్వత నివాసపు క్యారవాన్లని ప్రమాదం ఎక్కువున్న వాడకంగా లెక్కిస్తారు, ఫ్లడ్ జోన్ 3లో, అంటే వరద ముప్పు బాగా ఉన్న చోట, వాటికి అనుమతి ఉండకూడదని విధానం. మురుగు ఎటు పోతుంది, బడి ఎంత దూరం, పక్కనున్న చిన్న ఊరిని సైటు మింగేసేంత పెద్దదా, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. చుట్టూ ఎత్తైన గోడ కట్టి కోటలా చేస్తున్నారా అన్నది కూడా విధానంలో ఉన్న మాటే.

ఇంటి ధర పడిపోతుంది కదా, అది రాయకూడదా?

రాయొచ్చు, లెక్కలోకి రాదు. ఏ ప్లానింగ్ అప్లికేషన్లోనూ రాదు.

దొంగతనాలు పెరుగుతాయని రాస్తే?

రాయకండి. ఒక జాతి మొత్తాన్ని దొంగలనే ఉత్తరాన్ని కౌన్సిల్ ప్రచురించకుండా పక్కన పెట్టేస్తుంది, దానితో పాటు అందులో మీరు రాసిన మంచి పాయింటు కూడా పోతుంది. మన ఇంటిపేరు చూసి బ్రెగ్జిట్ రెఫరెండం తరువాత ఎవరెవరు ఏమేమి అన్నారో మరిచిపోలేదు కదా.

రెండొందల ఉత్తరాలు వేయిస్తే ఆగిపోతుందా?

ఇది ఓట్ల లెక్క కాదు. ఉత్తరాలు ఎక్కువైతే విషయం ఆఫీసరు బల్ల దగ్గర తేలకుండా కౌన్సిలర్ల కమిటీకి వెళ్ళొచ్చు, అక్కడ మామూలుగా మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. అంతవరకే లాభం. పారిష్ కౌన్సిల్ అభిప్రాయం చెబుతుంది గానీ తీర్పు చెప్పేది దాని పైనున్న ప్లానింగ్ కౌన్సిల్.

మాది గ్రీన్ బెల్ట్. ఇక భయం లేదు కదా?

ముందు మ్యాపు చూడండి. పచ్చగా ఉన్న ప్రతి పొలమూ గ్రీన్ బెల్ట్ కాదు. అది పెద్ద పట్టణాల చుట్టూ గీసిన గీత, ఇంగ్లండు నేలలో సుమారు ఎనిమిదో వంతు. అందులో ట్రావెలర్ సైటుని తగని అభివృద్ధిగానే చూస్తారు. అనుమతి రావాలంటే చాలా ప్రత్యేకమైన కారణాలు చూపాలి. అయితే 2024 డిసెంబరు నుంచి "గ్రే బెల్ట్" అనే మాటొచ్చింది. గ్రీన్ బెల్ట్ గీత లోపలున్నా దాని అసలు ప్రయోజనాలకి పెద్దగా పనికిరాని నేల అది. కొన్ని షరతులు తీరితే అక్కడ ట్రావెలర్ సైట్లకి కూడా దారి ఉంది. కాబట్టి భయం తగ్గించుకోండి గానీ నిద్రపోకండి.

## రాత్రికి రాత్రే దిగినప్పుడు

శుక్రవారం సాయంత్రం లారీల్లో రాళ్ళు పోస్తున్నారు. ఎవరికి ఫోన్ చెయ్యాలి?

కౌన్సిల్లో ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి, అంటే అనుమతి లేని పనుల మీద చర్య తీసుకునే విభాగానికి. పోలీసులకి కాదు. లాంగ్ వీకెండ్ ముందు శుక్రవారం ఐదింటికి మొదటి లారీ రావడం యాదృచ్ఛికం కాదు, కౌన్సిల్ ఆఫీసు మళ్ళీ తెరిచేది మంగళవారం. అందుకే చాలా కౌన్సిళ్ళు ఆఫీసు వేళలు దాటాక పలికే నంబరు ఒకటి పెట్టుకుంటాయి. దాన్ని ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. తారీఖు, టైము, ఎన్ని లోడ్లు, ఎన్ని క్యారవాన్లు అని రాసిపెట్టుకోండి. రోడ్డు మీద నిలబడి ఫోటోలు తీయండి, పిల్లల్ని తీయకండి, గేటు దాటకండి.

కౌన్సిల్ కదిలితే టెంపరరీ స్టాప్ నోటీసు ఇవ్వొచ్చు. 2024 ఏప్రిల్ దాకా అది 28 రోజులే పనిచేసేది, ఇప్పుడు 56 రోజులు. ఇంకా తీవ్రమైతే కోర్టుకెళ్ళి ఇంజంక్షన్ తెస్తుంది. జడ్జి కూడా ఆ కుటుంబాలు ఎక్కడికి పోవాలన్నది చూశాకే ఇస్తారు.

అనుమతి లేకుండా దిగడం నేరం కాదా?

సొంత భూమిలో అనుమతి లేకుండా పని మొదలుపెట్టడం దానంతట అది నేరం కాదు. ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు అమల్లోకి వచ్చాక దాన్ని పాటించకపోతే అప్పుడు నేరం. పక్కింటాయన అనుమతి లేకుండా కన్సర్వేటరీ (ఇంటి వెనక అద్దాల గది) కట్టి తరువాత అప్లికేషన్ వేస్తాడే, చట్టం దృష్టిలో ఇదీ అదే తలుపు. కాకపోతే కావాలనే అనుమతి లేకుండా దిగారన్నదాన్ని నిర్ణయం తీసుకునేటప్పుడు వాళ్ళకి వ్యతిరేకంగా తూకంలో వేయొచ్చని 2015 నుంచి ప్రభుత్వ విధానం ఉంది.

పదేళ్ళు ఎవరూ అడగకపోతే వాళ్ళదే అవుతుందట కదా?

భూమి ఎలాగూ వాళ్ళదే. ఆ వాడకం ఆగకుండా పదేళ్ళు సాగితే ఇక దాని మీద చర్య తీసుకోలేరు. దాచిపెట్టి మోసం చేస్తే ఈ రక్షణ పోవచ్చు.

వాళ్ళ భూమిలో కాదండీ, నా పొలంలోకే వచ్చి దిగారు!

అది ప్లానింగ్ కాదు, ఆక్రమణ. ముందు మర్యాదగా అడగండి, ఎప్పుడు వెళ్తారో చాలాసార్లు వాళ్ళే చెబుతారు. ఎవరికైనా కాన్పు దగ్గర పడిందనో, చావు కార్యానికి వచ్చామనో చెబితే వినండి. వెళ్ళకపోతే కౌంటీ కోర్టులో పొసెషన్ ఆర్డరుకి (భూమి మీకు తిరిగి అప్పగించమనే ఉత్తర్వు) వెళ్ళొచ్చు. ఇంటి స్థలం కాని భూమి అయితే విచారణకి రెండు రోజుల ముందు నోటీసు అందితే చాలు. నష్టం చేసినా, బెదిరించినా, ఆరు అంతకన్నా ఎక్కువ బళ్ళున్నా పోలీసులు 1994 చట్టం కింద వెళ్ళమనొచ్చు. 2022లో వచ్చిన చట్టం ఇంకా గట్టిది. పెద్ద నష్టమో ఇబ్బందో కలిగిస్తూ, చెప్పినా కదలకపోతే మూడు నెలల దాకా జైలు. ట్రాక్టరు అడ్డం పెట్టి మీరే వెళ్ళగొట్టేద్దామనుకోకండి. చివరికి కేసు మీ మీద పడుతుంది.

## అప్పీలు దశలో

కౌన్సిల్ కాదంటే ఇన్‌స్పెక్టర్ ఎందుకు ఔనన్నాడు?

ఇన్‌స్పెక్టర్ అంటే కౌన్సిల్ తిరస్కరించాక అప్పీలు విని తేల్చే ప్రభుత్వ ప్లానింగ్ అధికారి. నాకు వచ్చే ప్రశ్నల్లో కోపంతో అడిగేది ఇదే. ఎక్కువసార్లు జవాబు మీ కౌన్సిల్ ఆఫీసులోనే ఉంటుంది. 2012లో వచ్చిన ట్రావెలర్ సైట్ల విధానం ప్రకారం, ప్రతి కౌన్సిల్ తన ప్రాంతంలో ఎన్ని పిచ్‌లు అవసరమో లెక్కగట్టి, ఐదేళ్ళకి సరిపడా చోట్లు చూపాలి. చూపితే "అక్కడికి వెళ్ళండి" అనొచ్చు. చూపలేని కౌన్సిల్ అప్పీలులో నోరెత్తలేకపోతుంది. 2024 సవరణతో ఈ తూకం ఇంకా దరఖాస్తుదారు వైపు మొగ్గింది.

మా ఊళ్ళో ఏమైందంటే, లోకల్ ప్లాన్ (ఎక్కడ ఏం కట్టొచ్చో కౌన్సిల్ వేసే ప్రణాళిక) తయారయ్యేటప్పుడు సైట్ల మ్యాపు ఊరి హాల్లో పెట్టారు. ప్రతి ఊరూ "మా దగ్గర వద్దు" అంది. మేమూ అన్నాం, చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. కౌన్సిల్ ఒక్క చోటు కూడా ఖాయం చేయకుండా ప్లాన్ ముగించింది. మూడేళ్ళ తరువాత అప్పీలులో ఇన్‌స్పెక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడ కాకపోతే ఎక్కడ?" కౌన్సిల్ తరఫు మనిషి ఫైలు తిప్పుతూనే ఉన్నాడు.

హియరింగుకి వెళ్ళాలా? ఏం జరుగుతుంది అక్కడ?

వెళ్ళండి. కోర్టులా ఉండదు, చాలా హియరింగులు ఒక బల్ల చుట్టూ చర్చలా సాగుతాయి. మాది ఊరి హాల్లో జరిగింది. ఒక పక్క మేము, ఎదురుగా ఆ కుటుంబం, మధ్యలో టీ ఫ్లాస్కు. ఆ తల్లి ప్లాస్టిక్ ఫోల్డర్లో బడి నుంచి వచ్చిన ఉత్తరాలు, ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు వరస పెట్టి తెచ్చుకుంది. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటీ తీసి చదివి తిరిగి అదే వరసలో పెట్టాడు. మధ్యాహ్నం అందరం కలిసి సైటుకి నడిచాం. ఆయన గేటు దగ్గర మోకాళ్ళ మీద వంగి రోడ్డు వైపు చూసి, టేపుతో కొలిచి, నోట్సు రాసుకున్నాడు. అక్కడ ఎవరైనా వాదన మొదలుపెడితే "అది హాల్లోనే అయిపోయింది" అన్నాడు. సైటు దగ్గర మీరు చూపించొచ్చు, వాదించకూడదు.

పిల్లల్ని చూపించి అనుమతి తెచ్చుకుంటారట, నిజమేనా?

పిల్లల మేలుని ముందు వరసలో చూడాలన్నది చట్టం, ఎవరి పిల్లలైనా సరే. రోడ్డు పక్కన తిరిగే పిల్లవాడికి బడి ఉండదు, డాక్టరు ఉండడు. అయినా అదొక్కటే గెలిపించదు. 2001లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో చాప్‌మన్ కేసు చూడండి. గ్రీన్ బెల్టులో సొంత భూమి కొని క్యారవాన్ పెట్టుకున్న రోమానీ మహిళ 10–7 తేడాతో ఓడిపోయింది.

తిరగడం మానేశాక ఇంక ట్రావెలర్ ఎలా అవుతారు?

2015లో ప్రభుత్వం సరిగ్గా ఇదే అంది. ముసలితనం వల్లో జబ్బు వల్లో శాశ్వతంగా తిరగడం ఆపినవాళ్ళని ప్లానింగ్ నిర్వచనం నుంచి తీసేసింది. 2022 అక్టోబరులో అప్పీలు కోర్టు అది వివక్ష అంది. 2023 డిసెంబరులో వాళ్ళని తిరిగి చేర్చారు, 2024లో నిర్వచనాన్ని మరికొంత వెడల్పు చేశారు.

డేల్ ఫార్మ్‌లో ఖాళీ చేయించారు కదా, మా దగ్గర ఎందుకు చేయించరు?

ఎసెక్స్‌లో బాసిల్డన్ దగ్గర క్రేస్ హిల్‌లో జరిగిందది. ఒకప్పటి స్క్రాప్ యార్డ్, గ్రీన్ బెల్ట్. సగానికి అనుమతి ఉంది, సగానికి లేదు. పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాక 2011 అక్టోబరులో పోలీసులు, బెయిలిఫ్‌లు (ఖాళీ చేయించే సిబ్బంది) దిగి సుమారు 80 కుటుంబాలని ఖాళీ చేయించారు. మిలియన్ల పౌండ్లు ఖర్చయ్యాయి. కొన్ని కుటుంబాలు పక్కనే ఉన్న రోడ్డు వారన, అనుమతి ఉన్న సగంలో సర్దుకున్నాయి. మీ కౌన్సిల్ ట్రెజరర్‌ని అడిగి చూడండి, ఆ దారికి ఎంత ఉత్సాహం ఉందో.

ఇన్‌స్పెక్టర్ అనుమతిచ్చేశాడు. మేం పైకి అప్పీలు చేయొచ్చా?

పక్కవాళ్ళకి అప్పీలు హక్కు లేదు. తీర్పులో చట్టపరమైన తప్పు ఉంటేనే ఆరు వారాల లోపు హైకోర్టుకి వెళ్ళాలి. "తీర్పు నచ్చలేదు" అన్నది చట్టపరమైన తప్పు కాదు. వేల పౌండ్లు పోగు చేసే ముందు ఒక ప్లానింగ్ లాయరుకి గంట ఫీజు కట్టండి.

## పొలం మీదే అయితే

నా పొలంలో క్యారవాన్లు ఉండనివ్వొచ్చా?

కొంతవరకు. ఐదెకరాలు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఏడాదిలో 28 రోజుల పాటు, ఒకేసారి మూడు క్యారవాన్లకి మించకుండా, లైసెన్సు లేకుండా ఉండనివ్వొచ్చు. కోత కాలంలో మీ పొలంలో పనిచేసే కూలీల క్యారవాన్లకి ఇంకో మినహాయింపుంది. అది దాటి అద్దెకిచ్చారంటే ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు భూమి యజమానిగా మీకూ వస్తుంది. పాటించకపోతే జరిమానాకి పైహద్దు లేదు, వసూలు చేసిన అద్దె కూడా గుంజుకోవచ్చు.

ప్యాడక్ అమ్ముతున్నా. కొనేవాళ్ళు ట్రావెలర్లని తెలిసింది, ఆపేయొచ్చా?

వాళ్ళ జాతి కారణంగా ఆపితే అది చట్టవిరుద్ధం. మీరు ఇదే దేశంలో ఇల్లు వెతుక్కున్న రోజులు గుర్తు చేసుకోండి. ఎవరు కొన్నా క్యారవాన్లు పెట్టకూడదని మొదటి నుంచే అమ్మకపు పత్రంలో షరతు రాయించడం వేరే సంగతి. అందరికీ ఒకేలా వర్తిస్తుంది కాబట్టి అది సాధారణంగా చెల్లుతుంది. షరతు అమలు చేయించుకోవడం మాత్రం మీ ఖర్చు, కౌన్సిల్ పట్టించుకోదు.

## అనుమతి వచ్చాక

తాత్కాలిక అనుమతి అంటే మూడేళ్ళకి వెళ్ళిపోతారా?

వెళ్ళాలనే రాసి ఉంటుంది. ఈ లోపు కౌన్సిల్ వేరే చోటు చూపలేకపోతే గడువు ముగిసే ముందు మళ్ళీ అప్లికేషన్ పడుతుంది, అప్పటికి పిల్లలు ఊరి బడిలో మూడో క్లాసులో ఉంటారు.

షరతులు మీరుతున్నారని అనిపిస్తే?

ముందు నిర్ణయ పత్రం డౌన్‌లోడ్ చేసి షరతులు చదవండి. ఎన్ని క్యారవాన్లు, ఎంత బరువు దాకా వ్యాను, సైటులో వ్యాపారం చేయొచ్చా, ఇవే ఎక్కువగా ఉంటాయి. అప్పీలు గెలిచిన కుటుంబానికి మాత్రమే చెల్లేలా రాశారేమో కూడా చూడండి. వారాంతంలో రెండు బళ్ళు ఎక్కువ కనబడితే చుట్టాలు వచ్చారేమో, సంక్రాంతికి మన ఇంటి ముందు కూడా ఆరు కార్లుంటాయి. నెల రోజులైనా కదలకపోతే తేదీలతో ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి రాయండి.

ఇప్పుడు పక్కనే ఉన్నారు. ఎలా మెలగాలి?

మా గేటు అవతల వాళ్ళొచ్చి ఐదేళ్ళు. మొదటి చలికాలంలో మా నీటి పైపు పగిలితే, మీటరు గుంత దగ్గర టార్చి పట్టుకుని వాల్వు తిప్పింది ఆ ఇంటి పెద్దాయన. హెడ్జ్ ఎవరు కొట్టాలన్నదాని మీద మాత్రం ఇప్పటికీ తేలలేదు. “మీదే” అని ఆయనంటాడు, “మీదే” అని నేనంటాను, ల్యాండ్ రిజిస్ట్రీ ప్లాన్ చూస్తే గీత సరిగ్గా మొక్కల మధ్యలోంచే పోతుంది.